మా రోజుల్లో చీజు లేదు

లాస్ ఏంజెలెస్‌లో కొరియన్ భోజనం ఎక్కడ బాగుంటుందని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది. పాపం, అడిగేవాళ్ళది తప్పని కాదు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చినవాళ్ళు. హైదరాబాదులో కూర్చుని కొరియన్ సీరియళ్ళు చూసి చూసి, ఇక్కడ దిగగానే “బాబాయిగారూ, మంచి కొరియన్ హోటలు చెప్పండి” అంటారు. చెప్తాను. శ్రద్ధగా విని తలూపుతారు. తర్వాత ఫోను తీసి, ఎక్కడ బయట జనం ఎక్కువగా నిలబడి ఉన్నారో చూసుకుని అక్కడికే పోతారు. గంటన్నర నిలబడి, చీజు తిని వస్తారు. వచ్చి నాకు ఫొటోలు పంపిస్తారు.

చీజు దగ్గరికి తర్వాత వద్దాం.

నేను ఈ ఊరు వచ్చింది ఎనభైల మొదట్లో. విల్షైర్ బొలివార్డు మీద ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో లెక్కల ఉద్యోగం. ఆ వీధికి ఒకప్పుడు మహా దర్జా ఉండేదట. సినిమావాళ్ళు తిరిగిన హోటళ్ళు, టోపీ ఆకారంలో కట్టిన బ్రౌన్ డెర్బీ అనే రెస్టారెంటు, పెద్ద కంపెనీల ఆఫీసులు. నేను వచ్చేసరికి ఆ దర్జా దిగిపోయింది. కంపెనీలు ఒక్కొక్కటే సర్దుకుని పోతున్నాయి, అద్దెలు పడిపోయాయి. పడిపోయిన అద్దెల్లోకి కొరియన్లు వచ్చారు. బ్రౌన్ డెర్బీని పడగొట్టేటప్పుడు ఆ టోపీ గుమ్మటాన్ని మాత్రం ఉంచి, దాన్ని ఒక షాపుల సముదాయం నెత్తిన పెట్టారు. ఇప్పటికీ ఉంది. కింద కొరియన్ బోర్డులు, పైన హాలీవుడ్ టోపీ.

అమెరికా 1965లో వలస చట్టం మార్చినప్పుడు మనకీ కొరియన్లకీ తెరుచుకున్నది ఒకటే తలుపు. మనవాళ్ళు డిగ్రీలు చంకన పెట్టుకుని ఆస్పత్రుల్లోకీ ఆఫీసుల్లోకీ పోయారు. వాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళు కూడా చాలామంది కొట్లు పెట్టుకున్నారు. హై డక్ లీ అనే ఆయన పశ్చిమ జర్మనీ గనుల్లో పనిచేసి ఇక్కడికొచ్చి, 1971లో ఒలింపిక్ బొలివార్డు మీద ఒక కిరాణా మార్కెట్టు తెరిచాడు. 1975లో వీఐపీ ప్యాలెస్ అని పెద్ద భోజనశాల కట్టాడు. కప్పుకి నీలం పెంకులు కొరియా నుంచి ఓడలో తెప్పించాడు. కొరియాటౌను అనే పేరుని నగరం అధికారికంగా ఒప్పుకున్నది 1980లో. ఆ నీలం పెంకుల ఇంట్లో ఇప్పుడు గెలగెట్సా అనే మెక్సికన్ హోటలుంది, వహాకా ప్రాంతం వంటలు చేస్తారు. చాలా బాగుంటుంది, నేను కాదనను. అసలు కొరియాటౌనులో కాపురం ఉండేవాళ్ళలో సగానికి పైగా లాటినోలే, కొరియన్లు కాదు. ఆ ముక్క సీరియళ్ళలో చెప్పరు.

అప్పట్లో బోర్డు మీద ఇంగ్లీషు అక్షరం ఉంటే గొప్ప. లోపల గోడకి కాయితాలు అంటించి ఉండేవి, అవీ వాళ్ళ లిపిలోనే. మా ఆఫీసులో ఒక కొరియన్ పెద్దమనిషి ఉండేవాడు. మాట తక్కువ, ఆకలి ఎక్కువ. మధ్యాహ్నం పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా లేచి కోటు తొడుక్కుని నా బల్ల పక్కన నిలబడేవాడు. పద అన్నట్టు. నేను గొడ్డుమాంసం ముట్టనని ఆయనకి ఒక్కసారే చెప్పాను. ఆ తర్వాత ఏ కొట్టుకి తీసుకెళ్ళినా, కూర్చోకముందే వంటావిడతో ఏదో అనేవాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అయ్యో పాపం, ఏదో జబ్బు మనిషి కాబోలు అనుకుని, చేప ముక్క ఎక్కువ వేసేది.

ఆ రోజుల్లో మన తిండి దొరకాలంటే ఆర్టీషియా దాకా పోవాలి. అక్కడా చీరల షాపులు, నగల షాపులు, రెండు మూడు గుజరాతీ హోటళ్ళు. వేడి అన్నం, ఎర్రటి కారం, వెల్లుల్లి ఘాటు కావాలంటే ఆఫీసు నుంచి నడిచిపోయేంత దూరంలో ఇచ్చినవాళ్ళు కొరియన్లే. బల్ల మీద చిన్న చిన్న గిన్నెల్లో నంజుళ్ళు పరిచేవారు. ముల్లంగి ముక్కలు, సోయా మొలకలు, నువ్వులనూనెలో కలిపిన పాలకూర, తీపీ కారం పట్టించి వేయించిన ఎండు నెత్తళ్ళు. నెత్తళ్ళండీ! కాకినాడలో పుట్టినవాడు లాస్ ఏంజెలెస్‌లో ఎండు నెత్తళ్ళు చూస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గిన్నె ఖాళీ అయితే అడగక్కర్లేకుండా మళ్ళీ నింపేవారు. వాటికి డబ్బుల్లేవు. వాటికి డబ్బు అడగడమంటే అవమానంగా చూసేవారు.

మొన్న ఒక కొత్త చోట నెత్తళ్ళు ఇంకాసిని అడిగితే మూడు డాలర్లు ఎక్స్‌ట్రా అన్నారు. అన్నది మనిషి కాదు, బల్లకి బిగించిన టాబ్లెట్టు. మనిషైతే వాదించేవాణ్ణి.

సూన్‌దుబు తినడమంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాన్ని ఫొటో తీసేలోపలే చంపేస్తున్నారు. అది గడ్డకట్టీ కట్టని మెత్తటి టోఫుతో చేసే కారం పులుసు. నల్లటి మట్టికుండలో పొయ్యి మీదనుంచి నేరుగా బల్ల మీదకొస్తుంది, అప్పటికీ కుతకుతా ఉడుకుతూనే. పక్కనే పచ్చి గుడ్డు. పులుసు తుకతుకలాడుతుండగానే గుడ్డు కొట్టి వెయ్యాలి. అర నిమిషం ఆలస్యమైతే గుడ్డు ఉడకదు, పులుసులో జారుతూ తిరుగుతుంది. చెంచా పొడుగ్గా ఉంటుంది. టోఫుని చిదమకూడదు, అంచునుంచి తీసుకోవాలి. అన్నం విడిగా రాతిగిన్నెలో వస్తుంది. అన్నం పళ్ళెంలోకి తీసేశాక గిన్నెకి అంటుకున్న పొరమీద వేడినీళ్ళో బార్లీ టీయో పోసి మూతపెట్టేస్తారు. పులుసు అయిపోయేసరికి ఆ మాడు నాని, గంజి పాకాన పడుతుంది. మా నాయనమ్మ ఇత్తడి గిన్నెలో అడుగంటిన మాడుని మజ్జిగ పోసి నానబెట్టి పిల్లలకి పంచేది, సరిగ్గా ఆ రుచి. వాళ్ళు దాన్ని భోజనం చివర తాగుతారు, కడుపు చల్లబడుతుంది.

మోనికా లీ అనే ఆవిడ 1986లో బెవర్లీ సూన్ టోఫు పెట్టింది. వంట అదొక్కటే. కారం ఎంత, లోపల రొయ్యా గవ్వా పుట్టగొడుగా అన్నదే మనం చెప్పాలి. మిగతాదంతా ఆవిడ ఇష్టం. 1996లో హీ సూక్ లీ అనే ఇంకొకావిడ బీసీడీ టోఫు హౌస్ తెరిచింది. సోల్‌లో బుక్‌చాంగ్‌దాంగ్ అనే పేటలో వాళ్ళ అత్తవారికి హోటలుండేది, ఆ పేట పేరే పెట్టుకుంది. రాత్రనక పగలనక తెరిచి ఉంచేది. తెల్లవారుజామున రెండింటికి ఆస్పత్రి డ్యూటీ దిగిన నర్సులు, బార్లు మూసేశాక తూలుతూ వచ్చిన కుర్రాళ్ళు, లెక్కల సీజనులో కళ్ళు వాచిన నాలాంటివాళ్ళు, అందరి ముందూ అదే కుండ.

మా రోజుల్లో ఒక కొట్టుకి ఒక వంట. నేను చెప్పదలచుకున్నదల్లా ఇంతే, మిగతా సణుగుడంతా దీని చుట్టూనే. పులుసు కొట్టులో పులుసు. ఎముకల సూపు కొట్టులో తెల్లవారుజామునుంచి మరిగిన ఎముకల సూపు. నూడుల్సు కొట్టులో కత్తితో కోసిన నూడుల్సు. పంది మాంసం ఉడకబెట్టి క్యాబేజీ ఆకుల్లో చుట్టుకు తినే బొస్సామ్ కావాలంటే 1985 నుంచీ ఉన్న కొబావూ హౌస్‌కి పోవాలి, వెర్మాంట్ మీద. ఏం తినాలో ఇంట్లో నిర్ణయించుకుని బయల్దేరేవాళ్ళం, హోటల్లో కూర్చుని కాదు. ఇప్పుడు మెనూ అంటే టెలిఫోను డైరెక్టరీ. మాంసం కాల్చుడు, పులుసు, వేయించిన కోడి, సుషీ, మొక్కజొన్న మీద చీజు, బియ్యపు కేకుల మీద చీజు, ఉడికించిన పక్కటెముకల మీద గుప్పెడు చీజు పోసి, ఒక కుర్రాడు గ్యాసు మంట పట్టుకొచ్చి బల్ల దగ్గరే దాన్ని కరిగిస్తాడు. చుట్టుపక్కల బల్లలవాళ్ళంతా ఫోన్లు ఎత్తుతారు. వాడు ఫోన్లకేసే చూస్తాడు, కుండకేసి కాదు.

కాల్చుడు మాటొచ్చింది కాబట్టి చెప్తాను. కొరియన్ తిండి అంటే బల్ల మీద మాంసం కాల్చుకోవడమని లోకం తీర్మానించేసుకుంది. గొడ్డుమాంసం తినని నాలాంటివాడు అక్కడ కూర్చుంటే దక్కేది పొగే. అయినా స్నేహితులతో కూర్చున్నాను. 8వ వీధిలో సూట్ బుల్ జీప్ అనే చోట నిజం బొగ్గుల మీద కాల్చేవారు. బయటికొచ్చాక చొక్కా ఉతికినా, మళ్ళీ ఉతికినా ఆ వాసన పోయేది కాదు. దానికి తోడు సిగరెట్లు. 1995లో రాష్ట్రం హోటళ్ళలో సిగరెట్లు మాన్పించింది. ఆ ఒక్క మార్పు మీద నాకు ఫిర్యాదు లేదు. 1979 నుంచీ ఉన్న డాంగ్ ఇల్ జాంగ్‌లో మాంసం అయిపోయాక అదే పెనం మీద అన్నం, కిమ్చీ వేసి వేయించి పెట్టేవారు. మా స్నేహితులు మాంసం కంటే ఆ అన్నం కోసమే వెళ్ళేవారని నా అనుమానం.

1992 ఏప్రిల్ 29 గురించి రెండు మాటలు అనకుండా ఈ పేటగురించి రాయలేను. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసుల్ని కోర్టు వదిలేసిన రోజు. తర్వాత కొన్నాళ్ళపాటు మంటలు. కొరియన్ల కొట్లే రెండు వేలకు పైగా దెబ్బతిన్నాయి. పోలీసులు రాలేదు. కొట్లవాళ్ళే తుపాకులు పట్టుకుని కప్పులెక్కి కూర్చున్నారు. మా ఆఫీసు వారం రోజులు మూశారు. తెరిచాక మేం మామూలుగా భోజనానికి పోయే దారిలో ఒక చోట కాలిన ఇనప దూలాలే ఉన్నాయి. ఇన్సూరెన్సు లెక్కలు చూసినవాణ్ణి కనుక చెప్తున్నాను, చాలామందికి చేతికి వచ్చింది చాలా తక్కువ. కొందరు మళ్ళీ కట్టుకున్నారు. కొందరు ఆరెంజి కౌంటీకి పోయారు. కొందరు ఏమయ్యారో తెలియదు.

కట్టుకున్నవాళ్ళు గట్టిగానే కట్టుకున్నారు. 1996లో మెట్రో రైలు విల్షైర్, వెస్టర్న్ కూడలి దాకా వచ్చింది. అప్పటికీ తెల్లవాళ్ళు ఈ చుట్టుపక్కలకి భోజనానికి వచ్చేవారు కాదు. జొనాథన్ గోల్డ్ అని ఒక పత్రికాయన, స్ట్రిప్ మాల్ మూలల్లో ఉన్న చిన్న చిన్న కొట్లన్నీ తిరిగి రాసేవాడు. 2007లో ఆయనకి పులిట్జర్ బహుమతి ఇచ్చారు, హోటళ్ళ మీద రాసే మనిషికి అది దక్కడం అదే మొదలు. పై ఏడాది చివర్లో రాయ్ చోయ్ అనే వంటాయన కోగీ అని ఒక బండి పెట్టి, కొరియన్ మాంసాన్ని మెక్సికన్ టాకోలో చుట్టి అమ్మాడు. బండి ఎక్కడుంటుందో ట్విట్టరులో చెప్పేవారు. నా దృష్టిలో జనం ఫోను చూసుకుని భోజనానికి బయల్దేరడం అక్కడే మొదలైంది. కానీ ఆ చోయ్ మీద నాకు కోపం లేదు. కొరియన్ హోటళ్ళ వంటిళ్ళలో గిన్నెలు కడిగేదీ, ఉల్లిపాయలు తరిగేదీ, చాలాచోట్ల పొయ్యి ముందు నిలబడేదీ మెక్సికో, గ్వాతెమాలా మనుషులే. ఆ రెండు రుచులూ వంటింట్లో ఎప్పుడో కలిసి ఉన్నాయి. ఆయన వాటిని రోడ్డు మీదకి తెచ్చాడంతే.

కోపమంతా ఆ తర్వాత వచ్చిన వ్యవహారం మీద. మా మనవరాలు పదహారేళ్ళది. ఇక్కడే పుట్టింది. తెలుగు వచ్చీరానట్టు, కొరియన్ మాత్రం సీరియళ్ళు చూసి గడగడా. పుట్టినరోజుకి నన్ను ఒక కొత్త చోటికి లాక్కెళ్ళింది. స్ట్రిప్ మాల్‌లో పట్టుమని ఇరవై కార్లు పట్టవు, దానికి వాలే పార్కింగు ఒకటి. కారు తాళాలు ఇచ్చేసి, గుమ్మంలో తెర మీద ఫోను నంబరు కొట్టి, ఎండలో నిలబడ్డాం. మా ముందు ముప్ఫై తొమ్మిది పేర్లున్నాయని ఫోను చెప్పింది. లోపలికెళ్ళాక పిల్లి మొహం తగిలించుకున్న రోబో ఒకటి గిన్నెలు మోసుకుంటూ తిరుగుతోంది. పాట ఎంత గట్టిగా పెట్టారంటే, పిల్ల మాట వినడానికి నేను బల్ల మీదకి వంగాల్సొచ్చింది.

“తాతయ్యా, నలభై ఏళ్ళనుంచి తింటున్నావు కదా, కొరియన్‌లో థాంక్యూ అనడం కూడా రాదా నీకు?”

“వేలు చూపిస్తే వచ్చేదమ్మా. వేలికి వ్యాకరణం అక్కర్లేదు.”

“ఇప్పుడూ వేలే కదా, టాబ్లెట్ మీద నొక్కు.”

నొక్కాను. చివర్లో బిల్లు కూడా అదే చూపించింది. టిప్పు పద్దెనిమిదా, ఇరవయ్యా, ఇరవైరెండా అని అడిగింది. ఎవరికి ఇవ్వాలి? పిల్లికా? పిల్ల నవ్వి ఇరవై నొక్కేసింది, డబ్బులు నావి కాబట్టి.

ఇంత తిట్టాను గానీ, ఆ కొత్తవాళ్ళు అబద్ధం వండుతున్నారని నేననను. సోల్‌లో ఇప్పుడు కుర్రకారు తినేది అదేనట. మా రోజుల్లో మాకు పెట్టినవాళ్ళు డెబ్భైల్లో దేశం వదిలి వచ్చినవాళ్ళు. వదిలినప్పుడు వాళ్ళ ఊరి వంట ఎలా ఉందో అలాగే ఇక్కడ వండారు. అక్కడ దేశం ముందుకుపోయింది, ఇక్కడ కుండ అక్కడే ఉంది. మనవాళ్ళూ అంతే కదా, 1975లో వచ్చినవాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ ఘంటసాల పాటలే. ఇప్పుడు సోల్ నుంచి చెయిన్ హోటళ్ళు డబ్బు సంచులతో నేరుగా దిగుతున్నాయి. పాత కొట్లవాళ్ళ పిల్లలు డాక్టర్లు, లాయర్లు అయ్యారు. పొయ్యి దగ్గర నిలబడమంటే ఎవడు నిలబడతాడు? అమ్మ చేతులు కాల్చుకుని వాళ్ళని చదివించింది నిలబడకుండా ఉండటానికే. 2020లో కోవిడ్ వచ్చి ఆ లెక్క తొందరగా తేల్చేసింది. బెవర్లీ సూన్ టోఫు మూతపడింది. డాంగ్ ఇల్ జాంగ్ మూతపడింది. బీసీడీ పెట్టిన ఆవిడ ఆ ఏడాదే పోయింది, హోటళ్ళు మాత్రం నడుస్తున్నాయి. మా రోజుల్లో అయిదారు డాలర్లకి వచ్చే కుండ ఇప్పుడు టిప్పుతో కలిపి పాతిక దాకా లాగుతోంది. అద్దెలు చూస్తే వాళ్ళనీ అనలేం.

సరే, ఎక్కడ తినాలని కదా అడిగారు. ఉదయం పదకొండింటికి పొండి. లోపల ముసలివాళ్ళు ఒంటరిగా కూర్చుని వార్తాపత్రిక చదువుకుంటూ తింటుంటే, అది మంచి కొట్టు. గుమ్మం దగ్గర కుర్చీలు వేసి ఉంటే వెనక్కి తిరగండి. మాంసం ముట్టక, చేపలు తినేవాళ్ళైతే 6వ వీధిలో హంగారీ కల్‌గుక్సు ఉంది, చిన్న గవ్వల పులుసులో చేత్తో కోసిన నూడుల్సు, గవ్వలు గుట్టగా వేస్తారు. అదే వీధిలో సాంగ్ బుక్ దాంగ్‌లో ముల్లంగి ముక్కలతో ఎర్రగా ఉడికించిన కానాగంత చేప అడగండి. అన్నంలో ఆ పులుసు కలుపుకుంటే మన ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, చింతపండు లోటొక్కటే. సూన్‌దుబు తినాలంటే ఇప్పటికి విల్షైర్ మీద బీసీడీయే. కోడి తినేవాళ్ళు ఆగస్టు ఎండలో సమ్‌గేతాంగ్ తినాలి, కడుపులో జిగురు బియ్యం, జిన్‌సెంగ్, వెల్లుల్లి కూరి ఉడికించిన పిల్లకోడి. మండుటెండల్లో పొగలుకక్కే సూపు తాగి చెమటతో వేడి దించుకోవాలని వాళ్ళ శాస్త్రం. అందుకు ఏడాదిలో మూడు రోజులు ప్రత్యేకంగా పెట్టుకున్నారు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. మా ఆవిడ శాకాహారి, కాబట్టి ఇది అనుభవం మీద చెప్తున్న మాట. కిమ్చీ చూడటానికి క్యాబేజీయే గానీ, అందులో ఉప్పు రొయ్యలో చేప రసమో కలుపుతారు. కూరగాయల టోఫు పులుసన్నా అడుగున మరిగేది నెత్తళ్ళ నీళ్ళో ఎముకల నీళ్ళో అయి ఉంటుంది. “మాంసం లేదు” అని వాళ్ళు నిజాయితీగానే చెప్తారు, చేప వాళ్ళ లెక్కలో మాంసం కాదు. మాంసం, చేప, రొయ్య, ఎముకల నీళ్ళు అని విడివిడిగా అడగాలి. రాతిగిన్నెలో అన్నం మీద కూరగాయలు పరిచి ఇచ్చే బిబింబాప్ చెప్పి, గొడ్డుమాంసం తీసెయ్యమనడం తేలిక. పైన వేసే ఎర్రటి ముద్ద కూడా కనుక్కోండి, కొందరు అందులోనూ మాంసం వేయిస్తారు. మా ఆవిడ ఇవన్నీ కనుక్కునే ఓపిక లేక కొరియన్ మార్కెట్లో గోచుగారు అనే వాళ్ళ కారప్పొడి కొనుక్కుని ఇంట్లోనే ఏదో చేస్తుంది. ఆ కారానికి రంగు ఎక్కువ, మంట తక్కువ. ఆవకాయలో సగం అదీ సగం గుంటూరూ కలిపితే రంగు బ్రహ్మాండంగా వస్తుందని ఇక్కడి ఆడవాళ్ళంతా రహస్యంగా చేస్తున్న పనే, ఎవరూ ఒప్పుకోరు.

ఇంకొక దారి ఉంది. ఆర్టీషియాలో కందిపప్పు, కరివేపాకు కొనుక్కున్నాక తిన్నగా ఇంటికి పోకుండా తూర్పుకి పదిహేను నిమిషాలు నడిపితే బ్యూనా పార్కులో బీచ్ బొలివార్డు వస్తుంది. నగరంలో అద్దెలు కట్టలేకా, పిల్లల స్కూళ్ళ కోసమూ పోయిన కొరియన్లు అక్కడా, గార్డెన్ గ్రోవ్‌లోనూ స్థిరపడ్డారు. వాళ్ళతోపాటు వంటావిడలూ వెళ్ళారు. మొన్న ఒక చోట నెత్తళ్ళ గిన్నె ఖాళీ అయితే, అడగకుండానే తెచ్చి నింపారు. బల్లకి టాబ్లెట్టయితే బిగించే ఉంది, కానీ దాని మీద ఎవరో నాప్కిన్ల డబ్బా పెట్టేశారు. పార్కింగు ఉచితం. శనివారం మాత్రం పోకండి.